హాల్లో స్టీరియో రిసీవర్: డబ్బా విప్పిన దగ్గర్నుంచి పాట సరిగ్గా వినిపించే దాకా

స్టీరియో రిసీవర్ మన ఇళ్లలోకి ఎక్కువగా రెండు దారుల్లో వస్తుంది. అమెరికాలో ఉన్న అన్నయ్యో బావగారో ఇల్లు మారుతూ "పారేయడానికి మనసొప్పలేదు, నువ్వు పెట్టుకో" అని పంపిస్తారు. లేదంటే ఎవరో పాతది అమ్ముతుంటే మనమే వెళ్లి, మోయలేక మోసుకొస్తాం. మా ఇంటికి మొదటి దారిలో వచ్చింది. దాన్ని కుదిరించడానికి నాకు ఏడాది పట్టింది. మీకు ఒక ఆదివారం సరిపోవాలని ఇది రాస్తున్నాను.

రిసీవర్ అంటే ఆంప్లిఫయర్, రేడియో ట్యూనర్ కలిపి ఒకే పెట్టెలో పెట్టినది. హోమ్ థియేటర్ రిసీవర్ వేరు. దానికి ఐదో ఏడో స్పీకర్లుంటాయి, తెర మీద మెనూలుంటాయి. ఇక్కడ మాట్లాడేది రెండు స్పీకర్ల రిసీవర్ గురించే. ఇప్పుడే చెప్పేస్తున్నాను, కింద చెప్పిన పని మొత్తం పూర్తయ్యే దాకా కొత్త వైరు, సబ్‌వూఫర్, ఈక్వలైజర్ ఏదీ కొనకండి.

ప్లగ్ పెట్టకముందు

పెట్టెను వెనక్కి తిప్పి, కరెంటు వైరు దగ్గర ఏం రాసి ఉందో చదవండి. అమెరికా నుంచి వచ్చినదైతే 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటుంది. మన గోడలో వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మధ్యలో ఒక చిన్న అడాప్టర్ ముక్క పెట్టి గుచ్చేస్తే, అదృష్టం బాగుంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. ఆ ముక్క పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని ముట్టుకోదు. కొన్ని పాత రిసీవర్ల వెనక వోల్టేజి మార్చే తిరుగుడు మీట ఉంటుంది. ఉంటే దాన్ని 220 లేదా 240 దగ్గర పెట్టండి. లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. హైదరాబాద్ వాళ్లకి కోఠిలో గుజరాతీ గల్లీ దాకా వెళ్తే దొరుకుతుంది. రిసీవర్ వెనక 250 వాట్లు అని రాసి ఉంటే 500 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. సరిగ్గా సరిపోయేది కొంటే గంటకే చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని తగ్గిస్తుంది కానీ 50 హెర్ట్జ్‌ని 60 చేయలేదు. రిసీవర్‌కి అది పెద్ద ఇబ్బంది కాదు. దాంతోపాటు రికార్డు ప్లేయర్ కూడా వచ్చి ఉంటే మాత్రం చూసుకోవాలి. కొన్ని ప్లేయర్ల మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం మన దగ్గర దాదాపు 28 చుట్లే తిరుగుతుంది, పాట నిద్రమత్తులో పాడినట్టు వస్తుంది. డీసీ అడాప్టర్‌తో నడిచే ప్లేయర్లకి ఈ బాధ లేదు.

పెట్టడానికి చోటు చూసేటప్పుడు పైన కనీసం పది సెంటీమీటర్ల ఖాళీ వదలండి. పైమూతకి ఉన్న చిల్లులు వేడి బయటికి పోవడానికి. వాటి మీద క్రోషా గుడ్డ పరిచి ఫోటో ఫ్రేము పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఇంట్లోవాళ్లకి నచ్చజెప్పే బాధ్యత మీదే.

స్పీకర్ వైర్లు

రిసీవర్ స్విచ్ ఆఫ్ చేయడమే కాదు, ప్లగ్ కూడా తీసేయండి. ప్రతి స్పీకర్‌కీ రెండు కొసలు: ఎరుపు ప్లస్, నలుపు మైనస్. రిసీవర్ వెనకా అంతే. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. చెప్పడానికి ఇంతే.

వైరు కోసం వేలు పోయక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల రెండు తీగల రాగి ఫ్లెక్సిబుల్ వైరు మామూలు హాలుకి చక్కగా సరిపోతుంది. స్పీకర్ ఐదు మీటర్ల దూరంలో ఉందనుకుంటే, పోనూ రానూ పది మీటర్ల రాగికి నిరోధం సుమారు 0.13 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అది లెక్కలోకి రాదు. ఇంకా దూరమైతే 2.5 వేసుకోండి. అంతకన్నా ఖరీదైనది తీసుకుంటే షాపువాడికే లాభం.

ఒక్కో తీగ కొస మీద ఒక సెంటీమీటర్ తొక్క తీసి, లోపలి సన్నటి పోగులన్నీ గట్టిగా మెలిపెట్టి, టెర్మినల్లో పెట్టి బిగించండి. ఒక్క వెంట్రుక లాంటి పోగు పక్క టెర్మినల్‌కి తగిలినా షార్ట్ అవుతుంది. కొత్త రిసీవర్ అయితే తనను తాను కాపాడుకునే ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతుంది. పాతదైతే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి. బిగించాక మొబైల్ టార్చి వేసి ఒక్కసారి చూడండి. నేను ఇప్పటికీ చూస్తాను.

రెండు స్పీకర్లలో ఒక్కదానికి ప్లస్ మైనస్ తారుమారైతే ఏమవుతుంది? ఏమీ కాలదు, పేలదు. అందుకే కనిపెట్టడం కష్టం. ఒక స్పీకర్ కోన్, అంటే ముందు కనిపించే గరాటు లాంటి పొర, ముందుకు తోస్తున్నప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. మృదంగం, బేస్ గిటార్ లాంటి కింది స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. మా ఇంట్లో ఎనిమిది నెలలు అలాగే నడిచింది. "అమెరికా స్పీకర్లలో బేస్ తక్కువేమో" అనుకుని సబ్‌వూఫర్ కొనడానికి బయల్దేరబోయాను కూడా. తీరా చూస్తే, రెండు తీగలూ ఒకే రంగులో ఉన్న వైరు వాడి నేనే తిరగేసి బిగించాను.

దీన్ని పట్టుకోవడానికి మంచి మార్గం ఆకాశవాణి వార్తలు. రిసీవర్‌కి మోనో బటన్ (రెండు స్పీకర్లకీ ఒకే శబ్దం పంపేది) ఉంటే నొక్కి, రెండు స్పీకర్ల మధ్య కూర్చుని కళ్లు మూసుకోండి. వార్తలు చదివే మనిషి సరిగ్గా మధ్యలో, ఖాళీ గోడ ముందు కూర్చున్నట్టు ఉండాలి. గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా గదంతా పరుచుకున్నట్టు, చెవుల్లో ఏదో గుంజుతున్నట్టు ఉంటే ఒక స్పీకర్ వైర్లు తిప్పి మళ్లీ వినండి. పాత స్పీకర్ల మీద రంగులు చెరిగిపోయి ఏది ప్లస్సో తెలియకపోతే, రిసీవర్ నుంచి వైరు విడదీసి ఒక 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ని క్షణంపాటు తగిలించండి. కోన్ ముందుకు కదిలితే సెల్ ప్లస్ తగిలినదే స్పీకర్ ప్లస్. సాధారణంగా ఇది తప్పదు.

స్పీకర్ వెనక ఓమ్‌లు చూసుకోండి. రిసీవర్ 8 ఓమ్‌లు అంటే 8 ఓమ్‌ల స్పీకర్లు నిశ్చింతగా పెట్టుకోవచ్చు, 6 ఓమ్‌లవి మామూలు శబ్దంలో నడుస్తాయి. తేడా వచ్చేది ఎ, బి అని రెండు జతలు పెట్టేవాళ్లకి. హాల్లో ఒక జత, వంటింట్లో ఒక జత పెట్టి రెండూ ఒకేసారి మోగిస్తే చాలా రిసీవర్లలో 8, 8 కలిసి 4 అవుతాయి. భారం రెట్టింపవుతుంది. వెనక "ఎ ప్లస్ బి" అన్న చోట ఎంత రాశారో చదివాకే ఆ పని చేయండి.

వాట్ల గురించి కూడా ఇక్కడే. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు శబ్దంలా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల వాట్లు. 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ ఒక్క వాటుకే మీటరు దూరంలో అంత శబ్దం ఇస్తుంది. అది మాటలు వినపడనంత శబ్దం. కాబట్టి 40 వాట్ల పాత రిసీవర్‌ని చూసి 100 వాట్లవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

స్పీకర్లు ఎక్కడ పెట్టాలి

డబ్బు ఖర్చు లేకుండా వచ్చే లాభమంతా ఇక్కడే ఉంది. అందరూ పది నిమిషాల్లో ముగించేసేదీ ఇదే.

మన హాళ్లలో స్పీకర్లకి రాసిపెట్టిన చోట్లు రెండు. షోకేసు నెత్తిన ఒకటి, గది మూల ఇంకొకటి. రెండూ చెడ్డవే. నెత్తిన పెడితే పైస్వరాలు మన తల మీదుగా ఎదుటి గోడకి కొట్టుకుంటాయి. మూలన పెడితే మూడు వైపుల నుంచి గోడలూ నేలా బేస్‌ని ఊదిపెట్టి డప్పులా చేస్తాయి. పాటలో డోలక్ ఒక్కటే మిగులుతుంది.

కూర్చునే చోటు ముందు ఖాయం చేసుకోండి. అక్కడి నుంచి చూస్తే రెండు స్పీకర్లూ మీరూ ఒక సమబాహు త్రిభుజం అవ్వాలి. స్పీకర్ల మధ్య రెండు మీటర్లుంటే మీకూ స్పీకర్‌కీ మధ్యా రెండు, కొంచెం ఎక్కువైనా పరవాలేదు. వెనక గోడకి కనీసం 30 సెంటీమీటర్ల దూరం. ట్వీటర్, అంటే పైన ఉండే చిన్న గుండ్రటి స్పీకర్, మీరు కూర్చున్నప్పుడు చెవి ఎత్తులో ఉండాలి. సోఫా అయితే నేల నుంచి సుమారు 90 సెంటీమీటర్లు. దివాన్ మీద పడుకుని వినేవాళ్లు ఆ లెక్కన దించుకోండి. స్టాండ్లు లేకపోతే చిన్న స్టూళ్లు చాలు. కింద నాలుగు రబ్బరు ముక్కలు పెడితే స్టూలు కూడా పాట పాడకుండా ఉంటుంది.

ఇప్పుడు కొలతలు పక్కన పెట్టి చెవితో పని. మీకు బాగా కంఠతా వచ్చిన పాట ఒకటి పెట్టండి. గాయకుడి గొంతు మధ్యలో నిలబడే దాకా స్పీకర్లని మీవైపు కొద్దికొద్దిగా తిప్పండి. గొంతు గాలిపటంలా తేలుతుంటే స్పీకర్ల మధ్య దూరం ఎక్కువైనట్టు. అంతా ఒకే డబ్బాలోంచి వస్తున్నట్టుంటే తక్కువైనట్టు. బేస్ ఊదినట్టుంటే గోడ నుంచి జానెడు ముందుకి లాగండి, పల్చగా ఉంటే జానెడు వెనక్కి. ప్రతిసారీ వచ్చి కూర్చుని వినాలి. నిలబడి విన్నది లెక్క కాదు. నచ్చిన చోటు దొరికాక నేల మీద చిన్న టేపు ముక్క అంటించండి. ఇల్లు తుడిచేటప్పుడు స్పీకర్లు కదలడం ఖాయం కదా.

గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. "టంగ్" మని మోగుతూ పోయిందా? విట్రిఫైడ్ టైల్స్, సున్నం గోడలు, పెద్ద గాజు కిటికీ ఉన్న హాల్లో మోగి తీరుతుంది. స్పీకర్లకీ సోఫాకీ మధ్య నేల మీద ఒక జంపఖానా పరవండి, మందంగా మడత పెట్టి వేస్తే ఇంకా మంచిది. కిటికీకి బరువైన కర్టెన్, పక్క గోడకి పుస్తకాల అల్మరా. మళ్లీ చప్పట కొట్టండి. మా ఇంట్లో పెళ్లిళ్ల కోసం దాచిన పాత జంపఖానా ఇచ్చినంత తేడా ఇంక ఏ వస్తువూ ఇవ్వలేదు.

ఏది ఎక్కడ గుచ్చాలి

వెనక జంటలు జంటలుగా ఉన్న గుండ్రటి సాకెట్లలో ఎరుపు కుడి, తెలుపు లేదా నలుపు ఎడమ. సీడీ, ఆక్స్, ట్యూనర్, టేప్ ప్లే, ఈ నాలుగింటి పేర్లు వేరైనా పని దాదాపు ఒకటే. సీడీ ప్లేయర్‌ని ఆక్స్‌లో పెట్టినా పాడుతుంది.

ఫోనో మాత్రం వేరు. అది రికార్డు ప్లేయర్ కోసమే. సూది దగ్గర పుట్టే సిగ్నల్ నాలుగైదు మిల్లీవోల్టులే, సీడీ ప్లేయర్ ఇచ్చేది రెండు వోల్టుల దాకా. అదీ కాక రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి, పైస్వరాలు పెంచి కోస్తారు. ఫోనో సర్క్యూట్ దాన్ని మళ్లీ తిరగేస్తుంది. అందుకే రికార్డు ప్లేయర్‌ని ఆక్స్‌లో గుచ్చితే దోమ పాడినట్టు పల్చగా వస్తుంది. సీడీ ప్లేయర్‌ని ఫోనోలో గుచ్చితే పగిలిన గొంతుతో అరుస్తుంది. ప్లేయర్‌లోనే ఫోనో, లైన్ అనే స్విచ్ ఉంటే, లైన్‌లో ఉంచి ఆక్స్‌లో పెట్టండి, లేదా ఫోనోలో ఉంచి ఫోనోలో పెట్టండి. ప్లేయర్ నుంచి ఒక సన్నటి వైరు విడిగా వేలాడుతుంటే దాన్ని రిసీవర్ వెనక ఉన్న గ్రౌండ్ మరకి బిగించాలి. లేదంటే తేనెటీగల మోత.

ఫోన్ నుంచి పాటలు వినాలంటే పాత రిసీవర్‌కి చిన్న బ్లూటూత్ రిసీవర్ ముక్క ఆక్స్‌లో పెట్టుకోవచ్చు. ఫోన్ వాల్యూమ్ దాదాపు పూర్తిగా పెంచి, ఎంత కావాలో రిసీవర్‌లో తిప్పుకోండి. ఫోన్ తగ్గించి రిసీవర్ పెంచితే సరసర చప్పుడు కూడా పెరుగుతుంది.

టీవీ కోసం, రిసీవర్‌కి ఆప్టికల్ వైరు (శబ్దాన్ని కరెంటుగా కాక కాంతిగా మోసే వైరు) పెట్టే చోటుంటే అది వాడండి. టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో ఔట్ అనే చోట పీసీఎం (మామూలు రెండు స్పీకర్ల శబ్దం) ఎంచుకోవడం మరవద్దు. ఆటోలోనో డాల్బీలోనో ఉంటే రెండు స్పీకర్ల రిసీవర్‌కి ఆ భాష రాదు, మౌనంగా కూర్చుంటుంది. ఆప్టికల్ లేని పాతవాటికి డిజిటల్‌ని అనలాగ్‌గా మార్చే చిన్న డబ్బా ఒకటి మధ్యలో కావాలి.

రేడియో

పెట్టెతో వచ్చిన టీ ఆకారపు వైరు ఎఫ్ఎం ఏంటెన్నా. దాన్ని ఉండ చుట్టి వెనక పడేస్తారు చాలామంది. రెండు చేతులూ బార్లా చాపి గోడకి అంటించాలి. ఒక్కో చెయ్యి 75 సెంటీమీటర్లు, మొత్తం మీటరున్నర. 100 మెగాహెర్ట్జ్ తరంగంలో సగం అంతే. తప్పిపోతే ఆ కొలతలో వైరుతో మీరే చేసుకోవచ్చు.

అమెరికా రిసీవర్లకి ఇక్కడో చిక్కు ఉంది. వాటిలో డిజిటల్ ట్యూనర్ చాలాసార్లు 0.2 చొప్పున గెంతుతుంది, అంటే చివర బేసి అంకె ఉన్న స్టేషన్లే దొరుకుతాయి. హైదరాబాద్ రెయిన్‌బో 101.9 దర్జాగా వస్తుంది. వివిధ భారతి 102.8 మాత్రం రెండు మెట్ల మధ్య చిక్కుకుంటుంది. మీడియం వేవ్ కూడా అంతే. అక్కడ 10 కిలోహెర్ట్జ్ చొప్పున, ఇక్కడ 9 చొప్పున. హైదరాబాద్ 738, విజయవాడ 837, రెండూ తొమ్మిదో ఎక్కంలో పడతాయి, పదో ఎక్కంలో పడవు. కొన్నింటి వెనక దీన్ని మార్చే స్విచ్ ఉంటుంది. కొన్నింటిలో ఏవో రెండు బటన్లు నొక్కి పట్టి ఆన్ చేయాలి, మోడల్ పేరుతో మాన్యువల్ వెతికితే ఏవో తెలుస్తుంది. చేత్తో తిప్పే ముల్లు ఉన్న పాత రిసీవర్లకి ఈ గొడవే లేదు. ఆ ముల్లుకి దేశాలతో పని లేదు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు

వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, బేస్, ట్రెబుల్, బాలెన్స్ మధ్యలో పెట్టి, తక్కువ శబ్దంలో బేస్ పెంచే లౌడ్‌నెస్ బటన్ ఆఫ్ చేసి, అప్పుడు ఆన్ చేయండి. రెండు మూడు క్షణాలకి లోపల "టిక్" మని రిలే శబ్దం వస్తుంది. ఆ తర్వాత మెల్లగా పెంచండి. కుడి వాయిద్యం కుడి నుంచే వస్తోందా చూసుకోండి.

శబ్దం రాకపోతే టెన్షన్ పడి పెట్టె విప్పకండి. ముందు స్పీకర్ ఎ బటన్ నొక్కి ఉందా చూడండి. తర్వాత టేప్ మానిటర్. పాత రిసీవర్ల మీద జనం వదిలేసుకునే సగం ఆశ ఈ ఒక్క బటన్ దగ్గరే పోతుంది. అది నొక్కి ఉంటే రిసీవర్ టేప్ నుంచి వచ్చేదే వింటుంది, టేప్ డెక్ లేదు కనక ఏ ఇన్‌పుట్ పెట్టినా నిశ్శబ్దం. మళ్లీ నొక్కి బయటికి వచ్చేలా చేయండి. ఆ తర్వాత వెనక ప్రీ ఔట్, మెయిన్ ఇన్ అని రాసి ఉంటే, ఆ రెండిటినీ కలిపే యూ ఆకారపు లోహపు ముక్కలు ఉన్నాయో లేదో చూడండి. రవాణాలో అవి ఊడిపోతుంటాయి. ఆ గుండ్రటి సాకెట్లలో పట్టే మామూలు ఆర్‌సీఏ వైరు ఒక జతతో కలిపినా పనవుతుంది.

వాల్యూమ్ తిప్పితే గరగర వస్తే భయం లేదు, లోపల దుమ్ము. ప్లగ్ తీసి ఆ నాబ్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి ఇరవై ముప్పై సార్లు తిప్పండి. చాలాసార్లు తగ్గుతుంది. తగ్గకపోతే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే పని మెకానిక్‌కి ఇవ్వండి. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది, అలవాటు లేని చెయ్యి అక్కడ వద్దు.

ఆగని గుయ్‌మనే మోత వస్తే ఒక్కొక్క వైరే తీసుకుంటూ వెళ్లండి. ఏది తీస్తే ఆగిందో అదే దొంగ. మన ఇళ్లలో ఎక్కువసార్లు అది కేబుల్ టీవీ వైరు. సెట్‌టాప్ బాక్స్ నుంచి ఆ వైరు విప్పగానే మోత ఆగితే, టీవీకీ రిసీవర్‌కీ మధ్య ఆప్టికల్ వైరు వాడటమే శుభ్రమైన మందు. ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరగ్గొట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మోత పోతుంది, దాంతోపాటు మీ రక్షణా పోతుంది.

కరెంటు పోయినప్పుడే మోత వస్తోందంటే అది ఇన్వర్టర్ పని. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద రిసీవర్ ట్రాన్స్‌ఫార్మర్ జుమ్మని మూలుగుతుంది. సైన్ వేవ్ అయితే ఆ బాధ ఉండదు. లేదంటే రిసీవర్ ప్లగ్ పాయింటుని ఇన్వర్టర్ లైన్ నుంచి తప్పించమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి.

ఉరుములు మొదలైతే కరెంటు ప్లగ్‌తోపాటు, డాబా మీద ఏంటెన్నా పెట్టుకున్నవాళ్లు ఆ వైరు కూడా తీసేయాలి. అన్నట్టు, వానాకాలంలో పై చిల్లుల్లోంచి బల్లి లోపలికి దూరడం కథ కాదు, వెచ్చగా ఉంటుంది మరి. వాడనప్పుడు పైన పల్చటి దోమతెర ముక్క కప్పుతున్నాను, ఆన్ చేసే ముందు తీసేస్తున్నాను. క్రోషా గుడ్డ విషయంలో మా ఇంట్లో కుదిరిన రాజీ అది.